1, 2, 4 తర్వాత 7

నాలుగో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. బోర్డు మీద ఐదు లెక్కలిచ్చి ఖాళీలు నింపమన్నాను. అందులో మూడోది 1, 2, 4, ఖాళీ. అందరూ 8 వేశారు. ఒక పిల్లవాడు మాత్రం 7 వేశాడు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్కన 8 అని రాసి, తర్వాతి పుస్తకం తీసుకున్నాను.

మరుసటి రోజు ప్రార్థన అయ్యాక వాడు పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు. మామూలుగా పేరు పెట్టి పిలిచినా పలకడు. అమ్మానాన్నలు కూలి పనికి బెంగళూరు పోయారు, ఇక్కడ అవ్వ దగ్గర ఉంటాడు. "ఏమప్పా?" అని అడిగితే మాట్లాడలేదు. చూపుడువేలు 1 మీద పెట్టి, 2 మీదికి జరిపి "ఒగటి" అన్నాడు. 2 నుంచి 4కి జరిపి "రెండు" అన్నాడు. 4 నుంచి తను వేసిన 7కి జరిపి "మూడు" అన్నాడు. ఆ 7 మీద నా ఇంటూ ఉంది.

మిగిలినవాళ్లు రెట్టింపు చేసుకుంటూ పోయారు. వీడు ఒకటి, రెండు, మూడు కలుపుకుంటూ పోయాడు. 1, 2, 4, 8, 16 ఎంత సరైనదో 1, 2, 4, 7, 11 కూడా అంతే సరైనది. మూడంటే మూడే సంఖ్యలిచ్చి, దానికి ఒక్కటే జవాబు ఉంటుందనుకున్నది నేను. ఇంటూ కొట్టేసి రైట్ పెట్టాను. "నేనే సరిగ్గా చూడలేదు, వీడు రాసింది రైటే" అని తరగతిలో అందరి ముందూ చెప్పాను. వాడు పుస్తకం తీసుకుని పోయి తన చోట కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇట్లాంటి ఇంటూలు ఎన్ని కొట్టి ఉంటానో, పుస్తకం తెచ్చి చూపించే ధైర్యం లేక ఎంతమంది ఊరుకుని ఉంటారో.

మాది అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు ఒక పల్లెలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. 3, 4, 5 తరగతులు నావి, మూడూ ఒకే గదిలో. అంతకుముందు సంఖ్యల అమరికలంటే పావుగంటలో ముగించేదాన్ని. "5, 10, 15, 20 తర్వాత ఏమొస్తుంది?" "25 మేడం!" "శభాష్." అంతే. కూడికలు, తీసివేతలు, భాగహారాలే అసలు లెక్కలు, ఇవి మధ్యలో ఆటవిడుపు అని నా లెక్క. పిల్లలు జవాబు చెప్పగలుగుతున్నారు కాబట్టి వచ్చేసిందనే అనుకున్నాను.

ఆ 7 తర్వాత ప్రశ్న మార్చాను. "తర్వాత ఏమొస్తుంది?" దగ్గర ఆపకుండా "ఎట్ల తెలిసింది?" అని కూడా అడగడం మొదలుపెట్టాను. మొదటి వారం పిల్లలు బెదిరిపోయారు. టీచర్ "ఎట్ల" అని అడిగిందంటే తప్పు చెప్పామన్నమాటే అని వాళ్ల అనుభవం. 25 అని గట్టిగా చెప్పినవాడు నా నోట్లోంచి ఆ మాట రాగానే "కాదు కాదు, 26" అని మార్చేసేవాడు. పలక మీద సంఖ్యలను కాదు, నా మొహాన్ని చూసి జవాబు చెబుతున్నారు. అది వాళ్లకు అలవాటు చేసింది నేనే. జవాబు సరైనదైనా కాకపోయినా ఒకే గొంతుతో "ఎట్ల తెలిసింది?" అనడం పట్టుబడేసరికి నెల పట్టింది. సరైన జవాబు వినపడగానే మన తల దానంతటదే ఊగుతుంది. దాన్ని ఆపుకోవడం చాలా కష్టం.

తర్వాత ఇంకో ప్రశ్న చేర్చాను. 3, 5, 7, 9 అని రాసి, తర్వాతది వదిలేసి, "ఇరవయ్యోది ఎంత?" అన్నాను. తర్వాతది చెప్పాలంటే ముందుదానికి రెండు కలిపితే సరిపోతుంది. ఇరవయ్యోది కావాలంటే మొత్తం ఎట్లా నడుస్తోందో పట్టుకోవాలి. చాలామంది పలక నిండా రాసుకుంటూ పోయారు. మధ్యలో ఒకటి దాటేసినవాళ్లకు 43 వచ్చింది. ఐదో తరగతి పాప ఒకతె ఏమీ రాయకుండా కాసేపు పైకప్పు వైపు చూసి, "మొదటిది 3 ఉండనే ఉంది. ఇంక పంతొమ్మిది సార్లు రెండు కలపాల. 38కి 3 కలిపితే 41" అంది. బీజగణితం అనే పేరు ఆ పాప వినాలంటే ఇంకో ఏడాది పడుతుంది. కానీ అప్పుడు చేసింది అదే.

బడి వెనక ఒక చేను ఉంది. ఆ ఏడు వాన సమయానికి పడి, ఆగస్టులో సాళ్లు స్పష్టంగా కనపడుతున్నాయి. ఏడు సాళ్లు శెనక్కాయ, ఒక సాలు కంది, మళ్లీ ఏడు సాళ్లు శెనక్కాయ, ఒక సాలు కంది. రోజూ కిటికీలోంచి చూస్తున్నదే. ఒకరోజు చేను వాళ్ల పెద్దాయనను అడిగి పిల్లలను గట్టు మీదికి తీసుకుపోయాను. ఇట్లా కలిపి ఎందుకు వేస్తారని అడిగితే నాకంటే పిల్లలే బాగా చెప్పారు. "వాన ఎగ్గొడితే శెనక్కాయ పోతాది మేడం, కంది నిలబడతాది. దాని వేరు లోతుకు పోతాది." వాన చాలా తక్కువగా పడే జిల్లా మాది. ఆ సంగతి ఈ పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు.

గట్టు మీద నడుస్తూ మొదటి సాలు నుంచి లెక్కబెట్టమన్నాను. కంది సాలు వచ్చిన చోటల్లా ఆగి ఎన్నోదో చెప్పాలి. 8. 16. 24. మూడోసారికి వెనక నుంచి ఒకడు "ఎనిమిదో ఎక్కం మేడం!" అని అరిచాడు. ఎనిమిదో ఎక్కం అంటేనే గొంతు తగ్గించే పిల్లలు ఆ రోజు నడుచుకుంటూ ఎనభై దాకా పోయారు.

"యాభయ్యో సాలు ఏది? లెక్కబెట్టకుండా చెప్పండి" అన్నాను. గొడవ మొదలైంది. కొందరు కంది అన్నారు, యాభై పెద్ద సంఖ్య కాబట్టి. ఒకడు "48 కంది. 49, 50. శెనక్కాయలో రెండోది" అన్నాడు. పోయి లెక్కబెట్టి చూస్తే అదే.

ఐదో తరగతి పిల్లలకు భాగహారం చెప్పేటప్పుడు శేషం దగ్గర ఎప్పుడూ తడబడేదాన్ని. "మిగిలింది పక్కన రాయండి" అనడం తప్ప అదేమిటో చూపించలేకపోయేదాన్ని. ఇప్పుడు 50ని 8తో భాగిస్తే 6 వచ్చి 2 మిగిలింది. ఆరు కంది సాళ్లు దాటి, రెండు సాళ్లు ముందుకు వచ్చి నిలబడ్డాం. ఆ రెండూ కాళ్ల ముందర పచ్చగా ఉన్నాయి. మూడో తరగతి పాప చేను చివరి దాకా పోయి వచ్చి, "అక్కడ ఐదే ఉండాయి, కంది లేదు, గట్టు వచ్చేసింది" అని కంప్లయింట్ చేసింది. అమరిక అక్కడ తెగిపోయిందని ఆ పిల్లకు బాధ. అంటే అమరిక ఏమిటో పూర్తిగా అర్థమైందన్నమాట. నాకు ఆ రోజు పాఠంలో అన్నింటికంటే నచ్చిన మాట అది.

అందరికీ ఇట్లా అందింది అనుకోవద్దు. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడికి 10, 20, 30 పాటలాగా వస్తుంది. 34, 44, 54 అంటే ఆగిపోతాడు. తక్కినవాళ్లు అమరికలు కనిపెడుతూ కేకలు వేస్తుంటే వాడు ఇంకా చిన్నబోయేవాడు. ఆ సందడిలో నేను కొన్ని వారాలు వాడిని గమనించనే లేదు. తర్వాత వాడితో బోర్డు వదిలేసి చింతగింజలు పట్టుకున్నాను. మా ఊళ్లో పిల్లలు గుప్పిట్లో గింజలు మూసి సరా, బేసా అని ఆడతారు. ఆ ఆటలో వీడు గట్టివాడు. గుప్పిట విప్పి రెండేసి గింజలు జంటలు కట్టేవాడు, ఒకటి మిగిలితే బేసి. అక్కడి నుంచి మొదలుపెట్టాం. నేల మీద ఒక గింజ పెట్టించాను. దాని చుట్టూ గోడ మూలలాగా మూడు పెట్టమన్నాను. రెండు వరుసల్లో నాలుగు, చదరం అయింది. దాని మీద ఇంకో మూల, ఐదు గింజలు. తొమ్మిది, మళ్లీ చదరం. ఈసారి ఎన్ని కావాలో నేను చెప్పలేదు, వాడే పేర్చుకుంటూ పోయి ఏడు దగ్గర ఆగాడు. 1, 3, 5, 7 అని వేళ్లు మడిచి, "అన్నీ బేసే మేడం" అన్నాడు. మొత్తం పదహారు. 34, 44 దగ్గర వాడి ఇబ్బంది దీంతో తీరలేదు. దానికి పుల్లల కట్టలు కట్టించి స్థానవిలువ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. కానీ గింజలు తీసినప్పుడు వాడి మొహం వేరేగా ఉండేది.

వరండా గచ్చు మీద పెయింటుతో వంద గడులు గీయించి, 1 నుంచి 100 దాకా రాయించాను. ఒక్కో ఎక్కానికి ఒక్కో రోజు, ఆ గడుల్లో రాళ్లు పెట్టడం. ఐదో ఎక్కం రెండు నిలువు గీతలు. తొమ్మిదో ఎక్కం ఏటవాలుగా కిందికి దిగుతుంది. 9, 18, 27, 36 లో పదుల అంకె ఒకటి పెరిగి ఒకట్ల అంకె ఒకటి తగ్గడం చాలామంది చిట్కాగా చెబుతారు. ఇక్కడ కారణం కాళ్లకు తెలుస్తుంది. ఒక గడి కిందికి దూకితే పది, ఒక గడి వెనక్కి వేస్తే తొమ్మిది.

డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఆ రోజు ఐదో తరగతికి కాప్రేకర్ గురించి చెప్పాను. దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులు. ఆయన కనిపెట్టిన 6174 సంగతి చాలామందికి తెలుసు. అంకెలను తారుమారు చేసి తీసివేస్తూ పోతే చివరికి చేరే సంఖ్య అది. నాలుగంకెలది కాబట్టి నేను మూడంకెలది చేయించాను. మూడు వేరు వేరు అంకెలు తీసుకుని, పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి రాసి తీసివేయాలి. వచ్చిన దాంతో మళ్లీ అదే. 321 లోంచి 123 తీస్తే 198. 981 లోంచి 189 తీస్తే 792. తర్వాత 693, 594, 495. ఇంక ఎన్నిసార్లు చేసినా 495. ఎవరు ఏ అంకెలతో మొదలుపెట్టినా అందరూ అక్కడికే చేరారు. చేరనివాళ్లు తీసివేతలో తప్పు ఎక్కడుందో వెనక్కి పోయి వాళ్లే వెతుక్కున్నారు. అప్పు తెచ్చుకునే తీసివేతలు ఒక్క పీరియడ్‌లో ఇన్ని నా పిల్లలు ఇష్టంగా ఎప్పుడూ చేయలేదు.

సంక్రాంతి సెలవుల ముందు వారం బడి ఆవరణలో ముగ్గులు పెట్టించాం. ఇరవయ్యోది 41 అని చెప్పిన పాపే నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గుపిండి గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చిటికెడు పిండి. ముందు నడిమి వరుస, ఏడు చుక్కలు. తర్వాత ఆ చుక్కల సందుల్లో పైన ఆరు, దాని సందుల్లో ఐదు, దాని సందుల్లో నాలుగు. కింద కూడా అట్లే. చుక్కకూ చుక్కకూ నాలుగు వేళ్ల ఎడం, కొలవకుండానే. "ఏడు చుక్కలు, నాలుగు దాకా సందు చుక్క మేడం" అంది.

"మొత్తం ఎన్ని చుక్కలు?" అని చుట్టూ ఉన్నవాళ్లను అడిగాను. మగపిల్లలు వేళ్లు చూపిస్తూ లెక్కబెట్టి 36 అని ఒకరు, 38 అని ఒకరు. "దూరంగా ఉండండప్పా, చెరిగిపోతాయి" అని కసిరి, తల ఎత్తకుండానే ఆ పాప "37" అంది.

"ఎట్ల తెలిసింది?"

"పైన నాలుగూ, కింద ఆరూ పది. ఐదూ ఐదూ పది. ఆరూ నాలుగూ పది. నడుమ ఏడు."

చిన్నప్పటి నుంచి నేనూ ముగ్గులు వేస్తున్నాను. చుక్కలు ఇట్లా జతచేసి ఎప్పుడూ చూడలేదు. పక్కన మూడు చుక్కలు రెండు దాకా, ఐదు చుక్కలు మూడు దాకా చిన్నవి పెట్టించాను. మూడు చుక్కలదానికి 7, ఐదు చుక్కలదానికి 19. ఒంటి చుక్కతో మొదలుపెడితే 1, 7, 19, 37. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎంతో పలకల మీద రాయమన్నాను. 6, 12, 18. "ఆరో ఎక్కం" అని నాలుగైదు గొంతులు ఒకేసారి. అయితే తొమ్మిది చుక్కలు ఐదు దాకా పెడితే ఎన్ని? చుక్క పెట్టకముందే పలక మీద రాసి బోర్లించమన్నాను. 37కి 24 కలిపి 61 రాసినవాళ్లు ఎక్కువమందే. పాప చుక్కలు పెట్టేదాకా ఒక్కరూ కదల్లేదు. వరుస వరుసగా కూడితే 61.

ఆరో ఎక్కమే ఎందుకు వచ్చింది అన్నదానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఒకటో తరగతి పిల్ల ఒకతె, ఆ పాప చెల్లెలే, పక్క గదిలోంచి వచ్చి అక్క ముగ్గు చుట్టూ తిరుగుతూ బయటి చుక్కలు మాత్రం లెక్కబెట్టుకుంటోంది. ఆ పిల్లకు లెక్కబెట్టడమే వచ్చు. ఏడు చుక్కల ముగ్గుకు "పద్దెనిమిది" అని ఆగింది. అప్పుడు 7 వేసిన పిల్లవాడు గొంతుక్కూర్చుని లోపలి చుట్టు లెక్కబెట్టాడు, 12. దాని లోపల 6. నడుమ ఒక చుక్క. చుట్టు పెరిగిన ప్రతిసారీ ఆరు పక్కలకూ ఒక్కొక్క చుక్క ఎక్కువవుతోంది. వాడు మూలలు ముట్టుకుంటూ చూపించాడు, ఆరు మూలలు, ఆరు పక్కలు. ఈసారి పాప చెరిగిపోతాయని కసరలేదు.

మూడు తరగతులు ఒకే గదిలో ఉండడం ఎప్పుడూ టెన్షనే నాకు. ఒకరికి చెబుతుంటే ఇద్దరికి పని ఉండదు. ఆ ముగ్గు దగ్గర ఒకటో తరగతికి లెక్కింపు, మూడో తరగతికి కూడిక, ఐదో తరగతికి తేడాలూ ఎక్కమూ, ఎవరికి తగ్గది వాళ్లకు దొరికింది. మరుసటి రోజు వాళ్లంతట వాళ్లే సరి చుక్కల ముగ్గు, అంటే సందుల్లో కాకుండా చుక్క కింద చుక్క వచ్చేది, పెట్టి 1, 5, 13, 25 తెచ్చారు. దాంట్లో నాలుగో ఎక్కం ఉంది.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని 1, 7, 19, 37 ని ఊరికే కూడుతూ పోయాను. 1, 8, 27, 64. ఘనాలు! ఒకటి మూడుసార్లు, రెండు మూడుసార్లు, మూడు మూడుసార్లు, నాలుగు మూడుసార్లు గుణించినవి. మా తోటి టీచర్‌కు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. పిల్లలకు చెప్పలేదు. హైస్కూల్లో ఘనాలు చదివేటప్పుడు వాళ్లలో ఎవరికైనా ఈ ముగ్గు గుర్తొస్తే బాగుంటుంది.

పరీక్షల దగ్గర మాత్రం ఇబ్బంది పోలేదు. పైనుంచి వచ్చే పేపర్‌లో అమరికల ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, ఒకటే రైటు. "ఎట్ల తెలిసింది?" రాయడానికి చోటు ఉండదు. మూడు సంఖ్యలిచ్చి నాలుగోది అడిగే ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. అట్లాంటప్పుడు ప్రశ్న తయారుచేసినవాళ్లు ఏం అనుకుని ఉంటారో కూడా ఆలోచించుకోమని పిల్లలకు చెబుతున్నాను. అట్లా చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు. మార్కులు పోతే బాధపడేది వాళ్లు కాబట్టి చెబుతున్నాను. నేను ఇచ్చే పేపర్‌లో మాత్రం కనీసం ఐదు సంఖ్యలు ఇస్తాను, కింద రెండు గీతల చోటు వదులుతాను.

ఇప్పుడు శనివారం చివరి పీరియడ్ పిల్లలది. ఎవరైనా వచ్చి బోర్డు మీద సొంత అమరిక రాయవచ్చు. కనుక్కోవలసింది మిగిలినవాళ్లూ నేనూ. మొదట్లో అందరూ 100, 200, 300 రాసేవాళ్లు. ఫిబ్రవరిలో ఒక శనివారం 7 పిల్లవాడు లేచాడు. చాక్‌పీస్ తీసుకుని, మాకు వీపు పెట్టి, 3, 6, 4, 8, 6, 12, 10 అని రాసి గీత గీశాడు. తరగతి అంతా తలలు పట్టుకుంది. పెరుగుతోంది, తగ్గుతోంది. ఒకడు 14 అన్నాడు, ఒకతె 16 అంది. వాడు తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. నేను నోటుపుస్తకం వెనక అట్ట మీద తేడాలు రాసుకున్నాను. 3, తక్కువ 2, 4, తక్కువ 2, 6, తక్కువ 2. అప్పుడు వెలిగింది. రెట్టింపు చేసి, రెండు తీసి, మళ్లీ రెట్టింపు.

"20" అన్నాను.

వాడు చాక్‌పీస్ పట్టుకుని నా వైపు తిరిగి, ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, "ఎట్ల తెలిసింది మేడం?" అన్నాడు.